హారోగేట్ పబ్బులు: అత్తమామలతో ఒక రోజు, ఎక్కడికి వెళ్ళాలి?

#1 లీడ్స్ అల్లుడు

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. వచ్చే నెల అత్తగారు, మామగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. ఒక రోజు దగ్గర్లోని హారోగేట్ ఊరికి తీసుకెళ్దామని మా ఆవిడ ప్లాన్. బెట్టీస్‌లో టీ, వాలీ గార్డెన్స్‌లో నడక, అంతవరకు నాకు తెలుసు.

సమస్య ఏంటంటే, మామగారు ఫోన్‌లో "ఇంగ్లీషోళ్ళ పబ్బు ఒకటి చూపించవయ్యా" అన్నారు. ఆయన రిటైరైన ఇంజనీరు. రెండు పెగ్గులకు మించి ముట్టుకోరు. అత్తగారు శుద్ధ శాకాహారి, బార్ అనే మాట వింటేనే మొహం పక్కకు తిప్పేస్తారు. నాకు లీడ్స్‌లో ఆఫీసువాళ్ళతో వెళ్ళే పబ్బులు తప్ప వేరేవి తెలియవు. అక్కడ శుక్రవారం సాయంత్రం మాట వినపడదు. పెద్దవాళ్ళతో కూర్చోగలిగే చోటు హారోగేట్‌లో ఏదైనా ఉందా? శాకాహారం దొరుకుతుందా? అసలు అత్తగారిని లోపలికి తీసుకెళ్ళొచ్చా?

#2 హెడింగ్లీ హరి

అన్నా, లీడ్స్ నుంచి రైల్లో అరగంట పైచిలుకే. దిగగానే స్టేషన్ పాత భవనంలోనే హారోగేట్ ట్యాప్ అని పబ్ ఉంది. ప్లాట్‌ఫామ్ మీదే. మేము స్టూడెంట్లం అక్కడ మొదలుపెట్టి అక్కడే పూర్తి చేస్తాం. రైలు మిస్ అవ్వదు.

#3 పాత కాపు

అత్తమామల్ని కన్నకూతురింటికి పిలిచి బార్లు చూపించడమా? యార్క్ మిన్‌స్టర్ చర్చి చూపించండి. ఫౌంటెన్స్ ఆబీ అనే పాత మఠం చూపించండి. చూడ్డానికి అక్కడ ఇంకేమీ లేనట్టు.

#4 డాక్టరమ్మ

కాపు గారూ, ఫౌంటెన్స్ ఆబీ కూడా చూడనివ్వండి. కానీ పబ్ అనగానే మన ఊళ్ళో వైన్ షాపు వెనక పర్మిట్ రూమ్‌ను ఊహించుకుంటే ఈ చర్చ ముందుకు కదలదు. నేను హారోగేట్ పక్కన చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, మద్యం ముట్టను. అయినా క్లినిక్ అయ్యాక ఒంటరిగా పబ్‌లో కూర్చుని లైమ్ సోడా తాగుతూ పుస్తకం చదువుకున్న సాయంత్రాలు చాలానే ఉన్నాయి. పక్క టేబుల్ మీద ముసలాయన క్రాస్‌వర్డ్ నింపుతుంటాడు, ఆయన కాళ్ళ దగ్గర కుక్క నిద్రపోతుంటుంది. పిల్లల్ని భోజనం వేళ చాలాచోట్ల రానిస్తారు. 2007 జులై నుంచి లోపల పొగ తాగడం నిషేధం, కాబట్టి ఆ కంపు కూడా ఉండదు.

అల్లుడు గారూ, మీ అత్తగారిని నిరభ్యంతరంగా తీసుకెళ్ళండి. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే ఇంకా మంచిది. లంచ్ రద్దీ తగ్గి ఉంటుంది, సాయంత్రం జనం ఇంకా మొదలవ్వరు.

వెళ్ళాల్సిన చోటు నా లెక్కన ఒకటే, హేల్స్ బార్. దాని గురించి తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు డ్యూటీకి వెళ్ళాలి.

#5 నిజామాబాద్ నరేష్

హేల్స్ బార్ అంటే దీపాలు మసకమసకగా ఉండేదేనా? నేను పోయిన. మంచిగుంటది, కానీ బీరు మాత్రం గోరువెచ్చగా ఇచ్చిండ్రు. గ్యాస్ కూడా లేదు. అడిగితే అట్లనే ఉంటదన్నడు. మీ మామయ్య చిల్డ్ బీరుకు అలవాటు పడ్డోడైతే ముందే చెప్పుండ్రి.

#6 హెడింగ్లీ హరి

నరేషన్నా, అది గోరువెచ్చన కాదు, సెల్లార్ చల్లదనం. 11 నుంచి 13 డిగ్రీలు. మన దగ్గర కింగ్‌ఫిషర్ ఫ్రిజ్‌లోంచి తీసి గడ్డకట్టే ముందు ఇస్తారు కాబట్టి మన నాలుకకు ఇది వెచ్చగా అనిపిస్తుంది.

కౌంటర్ మీద పొడుగాటి పిడులు ఉంటాయి చూడండి, వాటిని చేత్తో లాగితే కింద నేలమాళిగలో ఉన్న పీపాలోంచి బీరు పైకి వస్తుంది. దాన్నే క్యాస్క్ ఏల్ అంటారు. పీపాలోకి వెళ్ళాక కూడా ఈస్ట్ బతికే ఉంటుంది, బీరు అక్కడే నెమ్మదిగా పులుస్తూ ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. అందుకే ఆ బుస్సుమనే నురగ ఉండదు. పీపా తెరిచాక మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పుల్లబడుతుంది. జనం బాగా వచ్చే పబ్‌లో బీరు బాగుంటుందనడానికి కారణం అదే.

ఇంకో సంగతి. మన ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో ఆ పంపు మూతికి సన్న చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ ముక్క తగిలిస్తారు, దాని పేరు స్పార్క్లర్. బీరు దాంట్లోంచి బలంగా దూరి పైన మీగడలా నురగ కడుతుంది. దక్షిణానికి వెళ్తే అది పెట్టరు, నురగ పల్చగా ఉంటుంది. మా ల్యాబ్‌లో లండన్ కుర్రాడికీ బ్రాడ్‌ఫర్డ్ కుర్రాడికీ దీని మీద రోజూ గొడవే.

చల్లటిదే కావాలంటే లాగర్ అని అడగండి, అన్నిచోట్లా దొరుకుతుంది.

#7 బ్రిస్టల్ శీను

స్పా టౌన్ (ఔషధ ఊటల ఊరు) అంటే బాత్ నగరం అండీ బాబూ! హారోగేట్ ఏంటి? బాత్‌లో ద స్టార్ ఇన్ చూడాలి. చెక్క గోడల చిన్న చిన్న గదులు, బాస్ బీరును ఇప్పటికీ జగ్గులోంచి గ్లాసులోకి వంపి ఇస్తారు. వాల్కాట్ స్ట్రీట్‌లో ద బెల్ ఇన్‌ను 2013లో అమ్మకానికి పెడితే అక్కడికి వచ్చే కస్టమర్లే, 536 మంది, డబ్బులు వేసుకుని కొనేశారు. లైవ్ మ్యూజిక్ ఉంటుంది. పంప్ రూమ్‌లో వేడి ఊట నీళ్ళు కూడా రుచి చూడొచ్చు. ఊట దగ్గర 46 డిగ్రీల వేడి. మీ హారోగేట్‌లో ఏముంది, చల్లటి కంపు నీళ్ళు తప్ప?

#8 లీడ్స్ అల్లుడు

శీను గారూ, లీడ్స్ నుంచి బాత్‌కు రైల్లో నాలుగు గంటల పైమాటే. ఒక్క రోజులో అత్తగారి మోకాళ్ళు ఒప్పుకోవు. ఈసారికి హారోగేట్‌నే ఉండనివ్వండి :)

హరి తమ్ముడూ, మంచి వివరం. మామగారు ఇంజనీరు కదా, ఆ పంపు సంగతి చెప్తే అరగంట దాని గురించే అడుగుతారు.

#9 డాక్టరమ్మ

శీను గారికి కంపు నీళ్ళే లోకువయ్యాయి కానీ, హారోగేట్ బతికిందే ఆ కంపు మీద. 1571లో విలియం స్లింగ్స్‌బీ అనే ఆయన టెవిట్ వెల్ అనే ఊట నీటిలో ఔషధ గుణం ఉందని కనిపెట్టాడు, ఆయన యూరప్‌లో ఇలాంటి ఊటలు చూసివచ్చిన మనిషి. అది ఇనుము నీరు. తర్వాత గంధకం ఊటలు బయటపడ్డాయి, జబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ డబ్బున్నవాళ్ళంతా ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. పొద్దున్నే పరగడుపున గ్లాసులకు గ్లాసులు తాగడం వైద్యం. 1842లో ఒక గంధకం ఊట మీద ఎనిమిది పలకల భవనం కట్టారు, అదే రాయల్ పంప్ రూమ్. ఇప్పుడు మ్యూజియం. భవనం కట్టినా, డబ్బులేనివాళ్ళకు నీళ్ళు ఉచితంగా అందాలని బయట ఒక పంపు ఉంచారు. ఆ గోడ పక్కన నిలబడితే చాలు, ఉడకబెట్టి మర్చిపోయిన గుడ్డు వాసన గుప్పుమంటుంది. ఇప్పుడు ఆ నీళ్ళు తాగడానికి కాదు, వాసన చూసి ముందుకు నడవండి.

ఆ రుచి నోట్లోంచి పోవడానికే 1840లో ఫారా అనే ఆయన టాఫీ తయారుచేశాడు. నిమ్మ రుచితో ఉంటుంది. నీలం, వెండి రంగు డబ్బాలో ఇప్పటికీ అమ్ముతారు. మీ అత్తగారికి పబ్ నచ్చకపోయినా ఈ టాఫీ నచ్చుతుంది, రాజమండ్రికి పట్టుకెళ్ళడానికీ పనికొస్తుంది.

ఇక హేల్స్ బార్. పంప్ రూమ్‌కు రెండు నిమిషాల నడక, క్రెసెంట్ రోడ్డు మీద. ఊళ్ళో అన్నిటికన్నా పాత పబ్ అదే. దాని సెల్లార్ కిందే గంధకం ఊటలు ఉన్నాయి. లోపల కరెంటు దీపాలకు తోడుగా గ్యాస్ దీపాలు ఇప్పటికీ వెలిగిస్తారు. కళ్ళు అలవాటు పడటానికి ఒక నిమిషం పడుతుంది. ఆ తర్వాత పసుపు వెలుగులో ఒక్కొక్కటే కనపడతాయి: పెద్ద అద్దాలు, కౌంటర్ వెనక పాత పీపాలు, గాజుపెట్టెల్లో గడ్డి కూరిన పక్షులు. కౌంటర్ మీద చుట్టలు వెలిగించుకోవడానికి పెట్టిన ఇత్తడి గ్యాస్ గొట్టాలు ఉన్నాయి, వాటి కొసన చిటికెన వేలంత మంట ఆడుతూ ఉంటుంది. లోపల చుట్ట కాల్చే రోజులు పోయినా ఆ మంట ఉంది. మీ మామగారిని కౌంటర్ దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టండి, కోటు చేతులు మాత్రం ఆ మంటకు దూరంగా పెట్టుకోమనండి.

నరేష్ గారు అన్నట్టు మసకగా ఉంటుంది. అది లోపం కాదు, విద్యుత్తు లేని కాలంలో సాయంత్రాలు ఎలా గడిచేవో ఈ ఊళ్ళో కంటితో చూడగలిగేది అక్కడే.

#10 నిజామాబాద్ నరేష్

డాక్టరమ్మ గారు చెప్పినంక మళ్ళొకసారి పోవాలనిపిస్తున్నది. అప్పుడు ఆ మంట నేను చూడనే లేదు, ఫోన్‌లో క్రికెట్ చూస్కుంట కూసున్న.

#11 పప్పన్నం

శాకాహారం సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. యార్క్‌షైర్‌లో శాకాహారులు జాగ్రత్తగా అడగాల్సినవి ఇవి.

చిప్స్. బంగాళాదుంప వేపుడే కదా అని తినేస్తాం. ఈ ప్రాంతంలో చాలా ఫిష్ అండ్ చిప్స్ కొట్లలో వాటిని గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అదే రుచి అని గొప్పగా బోర్డు కూడా పెడతారు. పబ్బుల్లో ఎక్కువగా నూనెలోనే వేయిస్తారు, అయినా అడగండి. నూనే అన్నా, చేపలు వేయించిన అదే బాణలిలో వేశారా అని ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, ట్రేకు కొవ్వు రాస్తారు. ఆదివారం రోస్ట్‌తో వచ్చే గ్రేవీ మాంసం రసమే, శాకాహార గ్రేవీ విడిగా అడగాలి. కౌంటర్ వెనక వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పొట్లాలు పంది చర్మం, ఏదో చెగోడీలనుకుని కొనకండి. చీజ్ అండ్ ఆనియన్ క్రిస్ప్స్ (మన ప్యాకెట్ చిప్స్) పొట్లం మాత్రం అన్నిచోట్లా ఉంటుంది, బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన సీబ్రూక్ కంపెనీవి ఇక్కడ ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైనది బీరు. క్యాస్క్ ఏల్‌ను తేటపరచడానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ వాడతాయి. అది చేప పొట్టలోని గాలితిత్తి నుంచి తీసే పదార్థం. మడ్డిని పట్టుకుని పీపా అడుక్కి దిగిపోతుంది, గ్లాసులోకి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు, కానీ పట్టింపు ఉన్నవాళ్ళు తెలుసుకోవాలి కదా. వీగన్ అని రాసిన ఏల్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి.

#12 పాత కాపు

అంటే ఇన్నాళ్ళు నేను తాగిన బీరులో చేప ఉందా?

#13 పప్పన్నం

కాపు గారూ, మీరు బీరు తాగుతారా?!

#14 పాత కాపు

వైద్యుల సలహా మీద. అప్పుడప్పుడు.

#15 డాక్టరమ్మ

ఏ వైద్యులో చెప్పండి, నేను మాట్లాడతాను.

#16 లీడ్స్ అల్లుడు

నవ్వలేక చచ్చాను. సరే, ఇప్పుడు నా అసలు టెన్షన్ చెప్తాను. మామగారి ముందు నేను ఎప్పుడూ గ్లాసు పట్టుకోలేదు. పెళ్ళై ఆరేళ్ళు. రాజమండ్రి వెళ్తే ఆయన మేడ మీద ఆయన స్నేహితులతో కూర్చుంటారు, నేను కింద టీవీ చూస్తుంటాను. నేను తాగుతానని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఇప్పుడు పబ్‌కు తీసుకెళ్ళి ఆయనకు ఇప్పించి నేను కోక్ తాగితే నటనలా ఉంటుంది. తాగితే అత్తగారు చూస్తారు. ఏం చెయ్యాలి?

#17 హెడింగ్లీ హరి

అన్నా, ఇక్కడ పబ్‌లో వెయిటర్ వచ్చి "ఏం కావాలి సార్" అని అందరి ముందు అడగడు. మీరే కౌంటర్ దగ్గరికి వెళ్ళి తెచ్చుకోవాలి, అక్కడే డబ్బు కట్టేయాలి. ఆంటీని, వదినని కిటికీ పక్కన కూర్చోబెట్టి మీరూ మామగారూ కౌంటర్ దగ్గరికి వెళ్ళండి. అక్కడ ఆయనే అడుగుతారు "నీకేం కావాలయ్యా" అని. అంతే, అయిపోయింది.

#18 నిజామాబాద్ నరేష్

మా మామ అయితే "ఏమయ్యా, నీకు పోపించుకోవా, బీమారా?" అని అడిగిండు. తాగకుంటెనే అనుమానం వచ్చింది ఆయనకు.

#19 కాకినాడ వాణి

నేనూ కూతురినే కాబట్టి చెప్తున్నా. మా నాన్న, మా ఆయన ఇలాగే ఎనిమిదేళ్ళు దాగుడుమూతలు ఆడారు. మా అమ్మకు అన్నీ తెలుసు. మీ అత్తగారికి కూడా తెలిసే ఉంటుంది. ఆవిడకు మంచి టీ ఇప్పించండి, చాలా పబ్బుల్లో టీ, కాఫీ ఉంటాయి. ఆవిడ చూపు మీ గ్లాసు మీద కన్నా బిల్లు మీదే ఎక్కువ ఉంటుంది, పౌండ్లను రూపాయల్లోకి మార్చి.

#20 లీడ్స్ అల్లుడు

వాణి అక్కా, ఆ చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. పింటు ఐదు పౌండ్లు అటూఇటూ అని మా ఆవిడ అప్పుడే చెప్పేసింది. "ఐదొందలా? గ్లాసుకా?" అన్నారట.

#21 హెడింగ్లీ హరి

కొలతలు కూడా చెప్పండి అన్నా మామగారికి. పింటు అంటే 568 మి.లీ., హాఫ్ అంటే అందులో సగం. మొదట హాఫ్ తీసుకోండి, నచ్చకపోతే నష్టం తక్కువ. చాలాచోట్ల క్యాస్క్ బీరు గుక్కెడు రుచి చూస్తామంటే ఉచితంగానే పోస్తారు, రద్దీ లేనప్పుడు అడగండి. విస్కీ అయితే 25 లేదా 35 మి.లీ. సింగిల్. మన 60 లెక్కలో ఉన్నవాళ్ళకు గ్లాసు అడుగు తడిసినట్టే ఉంటుంది, ఆయన బార్ వాళ్ళు మోసం చేశారనుకోకుండా చూసుకోండి. చట్టప్రకారం కొలిచే పోస్తారు.

బీరు రకాలు: టిమోతీ టేలర్ ల్యాండ్‌లార్డ్ కనిపిస్తే అది తీసుకోండి, కీత్లీ ఊరిది, ఇక్కడికి దగ్గరే. బ్లాక్ షీప్, థీక్‌స్టన్ రెండూ మాసమ్ అనే చిన్న ఊరివి. థీక్‌స్టన్ వాళ్ళ ఓల్డ్ పెక్యూలియర్ నల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది, 5.6 శాతం ఆల్కహాల్. బిట్టర్ అనే మామూలు ఏల్ నాలుగు శాతం దగ్గర. రూస్టర్స్ హారోగేట్ బ్రూవరీయే.

రౌండ్ల గురించి ఒక మాట. ఇక్కడివాళ్ళతో కూర్చుంటే ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు. మీ వంతు వచ్చేసరికి బాత్రూమ్‌కు వెళ్ళేవాడిని జన్మలో మర్చిపోరు. ఫ్యామిలీతో అయితే ఆ గొడవ లేదు, మన వాళ్ళు "నేనిస్తా, నేనిస్తా" అని కొట్టుకోవడమే. టిప్పు ఇవ్వక్కర్లేదు.

#22 సన్నీ_యూకే

బ్రో, ఐడీ మర్చిపోవద్దు. 25 ఏళ్ళ లోపు కనిపిస్తే అడుగుతారు. నేను ఒక పబ్‌లో పాస్‌పోర్ట్ ఫోటో ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోలేదు, ఒరిజినలే కావాలన్నారు. ఫ్రెండ్స్ అందరూ లోపల, నేను బయట చలిలో చిప్స్ తింటూ.

#23 డాక్టరమ్మ

అల్లుడు గారి మామగారిని ఐడీ అడిగితే ఆయన ఆ సంగతి రాజమండ్రి అంతా చెప్పుకుంటారు.

ఒక వైద్య సలహా, చెప్పకుండా ఉండలేను. ఆయనకు షుగర్, బీపీ మాత్రలు ఉంటే ఖాళీ కడుపుతో తాగనివ్వకండి. ముందు భోజనం, తర్వాత పబ్. టర్కిష్ బాత్స్‌కు కూడా వెళ్ళే ఆలోచన ఉంటే అది పబ్‌కు ముందే. తాగి వేడి గదిలోకి వెళ్తే కళ్ళు తిరిగి పడిపోతారు. ఆ స్నానశాల 1897లో రాయల్ బాత్స్‌తో పాటు కట్టింది, రంగు రంగుల ఇటుకలు, గుర్రపు నాడా ఆకారం కమానులు, చూడాల్సిందే. ముందుగా బుక్ చేసుకోవాలి.

ఆ రాయల్ బాత్స్ భవనంలోనే ఇంకో భాగం, వింటర్ గార్డెన్స్, ఇప్పుడు వెదర్‌స్పూన్ అనే గొలుసు కంపెనీ పబ్. వెదర్‌స్పూన్ అంటే చవక అని మొహం విరుస్తారు కొందరు. అక్కడ మెట్లు, ఎత్తైన కప్పు చూశాక మాట్లాడమనండి. రోగులు నీళ్ళు తాగి షికారు చేసిన హాలులో ఇప్పుడు జనం బర్గర్ తింటున్నారు. మ్యూజిక్ ఉండదు, ఫోన్ యాప్‌లో ఆర్డర్ చేస్తే టేబుల్ దగ్గరికి తెచ్చిస్తారు. మెనూలో శాకాహారం గుర్తు పెట్టి ఉంటుంది. పప్పన్నం గారి ప్రశ్నలన్నీ మెనూలోనే తేలిపోతాయి. మీ అత్తగారి మోకాళ్ళకు ఇదే సుఖం, బిల్లుకు కూడా.

#24 బ్రిస్టల్ శీను

వెదర్‌స్పూన్‌ను సిఫార్సు చేసే స్పా టౌన్! నేను చెప్పలేదా.

#25 డాక్టరమ్మ

శీను గారూ, మీ బాత్ చాలా అందంగా ఉంటుంది, కాదనను. శనివారం అక్కడ ఒక పబ్‌లో కూర్చోడానికి చోటు దొరికితే ఫోటో పెట్టండి.

#26 బ్రిస్టల్ శీను

మంగళవారం వెళ్తాను అండీ నేను.

#27 గుంటూరు మిర్చి

ఎవరూ చెప్పని ఇంకో వైపు కూడా చెప్పాలి. అంతా సినిమా సెట్టింగ్‌లా రాస్తున్నారు. శనివారం రాత్రి ఎనిమిది తర్వాత హారోగేట్ కూడా మిగతా ఊళ్ళలాగే ఉంటుంది. పెళ్ళికూతురి పార్టీలు, గుంపులు, అరుపులు. నేను, నా ఫ్రెండు ఒకసారి ఒక పబ్‌లోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి, అందరూ ఒకసారి తలతిప్పి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా గ్లాసు త్వరగా ముగించి వచ్చేశాం. అలాంటివీ ఉంటాయి. డాక్టరమ్మ గారికి ఆ ఊళ్ళో అందరూ తెలుసు, కొత్తవాళ్ళకు అంత సుఖంగా ఉండకపోవచ్చు.

#28 డాక్టరమ్మ

మిర్చి గారూ, మీరు చెప్పింది కొట్టిపారేయను. నేను వచ్చిన కొత్తలో నాకూ అలాంటి చూపులు ఎదురయ్యాయి. కిటికీలోంచి లోపల చూసి, ఆడవాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళూ కూర్చుని కనపడితేనే వెళ్ళేదాన్ని. ఇప్పటికీ కొత్త ఊళ్ళో అదే చేస్తాను. రాత్రి వేళ పెద్దవాళ్ళతో వద్దనే నేనూ చెప్తున్నాను.

#29 లీడ్స్ అల్లుడు

ఇంతవరకు విన్నదాన్ని బట్టి ప్లాన్ ఇది, తప్పులుంటే చెప్పండి. పొద్దున పది ప్రాంతంలో దిగుతాం. బెట్టీస్. తర్వాత పంప్ రూమ్, వాలీ గార్డెన్స్. లంచ్ వింటర్ గార్డెన్స్‌లో. మూడింటికి హేల్స్ బార్. ఆ తర్వాత ఓల్డ్ బెల్ టావెర్న్ కూడా బాగుంటుందని ఎవరో చెప్పారు, అది. చివరికి స్టేషన్‌లో హారోగేట్ ట్యాప్. మధ్యలో ఓల్డ్ స్వాన్ హోటల్, అగాథా క్రిస్టీ దొరికిన చోటు అని మా ఆవిడ పట్టు. కారులో వెళ్ళాలా, రైల్లోనా?

#30 కాకినాడ వాణి

మూడు పబ్బులా? మీ అత్తగారు రెండోదాని గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

ఓల్డ్ స్వాన్ మాత్రం వదలొద్దు, అది ఆవిడ కోసం. 1926 డిసెంబరులో అగాథా క్రిస్టీ 11 రోజులు కనపడకుండా పోయింది, దేశమంతా వెతికారు, చివరికి ఈ హోటల్లో వేరే పేరుతో దిగి ఉంది. ఆ పేరు మిసెస్ నీల్. నీల్ అంటే ఆమె భర్త ప్రేమించిన అమ్మాయి ఇంటిపేరు! మా అమ్మకు ఈ కథ చెప్తే హోటల్ లాంజ్‌లో కాఫీ అయ్యేవరకు ఆ మొగుణ్ణి తిట్టింది. సీరియల్ అలవాటున్న ఏ తెలుగు అత్తగారికైనా ఇంతకన్నా ఏం కావాలి. అప్పట్లో ఆ హోటల్ పేరు స్వాన్ హైడ్రోపతిక్.

#31 హెడింగ్లీ హరి

రైల్లోనే అన్నా. తాగి డ్రైవింగ్ వద్దు. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మి.లీ. రక్తంలో 80 మి.గ్రా., స్కాట్లండ్‌లో 50. ఒక పింటు పర్లేదులే అని లెక్కలు వేసుకోకండి, మనిషిని బట్టి మారుతుంది. లైసెన్సు పోతే వీసా కాగితాల్లో కూడా రాయాల్సి వస్తుంది.

పైగా కారుకు హారోగేట్ వీధుల్లో పార్కింగ్ డిస్క్ పెట్టాలి, ఎన్నింటికి ఆపారో దాని మీద తిప్పి అద్దం దగ్గర ఉంచాలి. టైమ్ చూసుకుంటూ కూర్చోవడం ఎందుకు.

ఇంకా టైమ్ ఉంటే అదే రైల్లో పది నిమిషాలు ముందుకు వెళ్తే నేర్స్‌బరో. నది మీద రైలు వంతెన ఫోటోలకు అదిరిపోతుంది. అక్కడ మార్కెట్ ప్లేస్‌లో బ్లైండ్ జాక్స్ అని చిన్న పబ్ ఉంది. ఆ పేరు జాన్ మెట్‌కాఫ్‌ది. 1717లో పుట్టాడు, ఆరేళ్ళకు మశూచి వచ్చి చూపు పోయింది. ఆ మనిషి ఉత్తర ఇంగ్లండ్‌లో దాదాపు 180 మైళ్ళ రోడ్లు వేయించాడు. బురద నేల మీద పొదల మోపులు పరిచి దాని మీద రోడ్డు తేల్చాడట.

#32 లీడ్స్ అల్లుడు

హరీ, మామగారు ఆర్ అండ్ బీలోనే చేశారు! రోడ్లు, వంతెనలు. ఇక ఆయన్ని నేర్స్‌బరో తీసుకెళ్ళకపోతే నన్ను బతకనివ్వరు.

అయితే ఓల్డ్ బెల్, హారోగేట్ ట్యాప్ రెండూ తీసేస్తున్నాను. హేల్స్ బార్ ఒకటి, బ్లైండ్ జాక్స్ ఒకటి.

#33 డాక్టరమ్మ

ఇది మంచి ప్లాన్. రెండు సవరణలు. బెట్టీస్‌లో పది తర్వాత వెళ్తే బయట క్యూలో నిలబడాలి, తొమ్మిదిన్నరకే చేరండి, లేదా దాన్ని వదిలేసి లోపలి కొట్లో ఫ్యాట్ రాస్కల్ కొనుక్కుని బయటికి రండి. అది ద్రాక్ష, బాదం వేసిన పెద్ద బన్ను, గుడ్డు ఉంటుంది, మీ అత్తగారిని అడిగి ఇప్పించండి. రెండోది, బెట్టీస్ నుంచి పంప్ రూమ్ దాకా అంతా దిగుడు. వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది, తిరిగి స్టేషన్‌కు వచ్చేటప్పుడు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు పైకి వచ్చేటప్పుడు టాక్సీ పిలవండి.

#34 కాకినాడ వాణి

మా అమ్మ అడిగినట్టే మీ అత్తగారూ అడుగుతారు, ముందే చెప్తున్నా: "ఇంట్లో పులిహోర చేసి పట్టుకెళ్దాం, బయట తినడం ఎందుకు?"

#35 లీడ్స్ అల్లుడు

అడిగేశారు. పబ్‌లో డబ్బా విప్పితే ఊరుకుంటారా?

#36 పప్పన్నం

వంట చేసే పబ్‌లో కుదరదు. వంటగది లేని పబ్బులు కొన్ని బయటి తిండి రానిస్తాయి, కౌంటర్ దగ్గర అడగాలి. పులిహోరకు వాలీ గార్డెన్స్‌లో బెంచీలు బోలెడు. లంచ్ అక్కడ చేసేసి వింటర్ గార్డెన్స్‌లో టీ మాత్రం తాగండి. ఆవాలు, ఇంగువ పోపు వాసనకు ఎవరైనా వచ్చి అడిగితే కాస్త పెట్టండి.

#37 పాత కాపు

తేదీ చెప్పండి. నేను షెఫీల్డ్‌లో ఉంటాను. ఆ రోడ్లు వేసినాయన పబ్ దగ్గర కలుస్తాను. చేప లేని బీరు ఏదో పప్పన్నం గారు పేరు రాసి పెడితే మంచిది.